60 దాటినవారి కోసం ఆన్‌లైన్ ప్రకటన: స్టడీ కోఆర్డినేటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో ఓ ఆస్పత్రి పరిశోధన విభాగంలో పనిచేస్తున్నాను. మందుల మీద, చికిత్సల మీద జరిగే స్టడీల్లో పాల్గొనేవారిని వెతికి చూసుకోవడం నా పని. 60 దాటినవారిని ఆన్‌లైన్ ప్రకటనలతో ఆ స్టడీల్లోకి ఎలా తేవాలన్నదే ఇక్కడి విషయం. ఇక్కడా గుంటూరులో, మంగళగిరిలో ఇదే పని చేసే కోఆర్డినేటర్లు, థీసిస్ మొదలుపెట్టిన పీజీ డాక్టర్లు, ఫార్మ్‌డీ (ఫార్మసీ డాక్టర్ కోర్సు) పిల్లలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైప్ చేసీ చేసీ వేళ్లు నొప్పెట్టి, అన్నీ ఇక్కడ పెట్టేశాను. మీ డౌట్ ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

## ప్రకటన అనుకునే ముందు

పెద్దవాళ్లు ఫేస్‌బుక్ చూస్తారా అసలు? పేపర్‌లో ఓ బాక్స్ వేస్తే సరిపోదా?

చూస్తారు. పొద్దున వాకింగ్ నుంచి వచ్చి కాఫీ తాగుతూ వాట్సాప్, మధ్యాహ్నం భోజనం అయ్యాక యూట్యూబ్‌లో ప్రవచనమో వంటల వీడియోనో. ఫేస్‌బుక్ ఖాతా మాత్రం చాలామందికి మనవడు తెరిచిపెట్టిందే. పుట్టిన సంవత్సరం దగ్గర వాడు ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్లి ఉంటాడు. అందుకని సెట్టింగ్‌లో 65 ప్లస్ అని పెట్టి, పెద్దవాళ్లందరికీ చేరుతుందని ధీమాగా ఉండకండి. జిల్లా ఎడిషన్‌లో చిన్న బాక్స్ ఇప్పటికీ పనిచేస్తుంది. డబ్బు ఉంటే రెండూ చేయండి.

ప్రకటన చూపించాల్సింది పెద్దవాళ్లకా, వాళ్ల పిల్లలకా?

ఇద్దరికీ, కానీ వేరువేరు ప్రకటనలు. మన దగ్గర 70 ఏళ్లాయన "సరే వస్తానమ్మా" అన్నంత మాత్రాన లెక్కలో వేసుకోకండి. ఆ వెంటనే "అబ్బాయిని ఓ మాట అడిగి చెబుతా" అంటారు. ఆ అబ్బాయి ఎక్కువసార్లు అమెరికాలో ఉంటాడు. ఆస్పత్రికి తీసుకొచ్చేది ఇక్కడున్న కూతురో కోడలో. కాబట్టి 35 నుంచి 55 ఏళ్లవారికి "మీ ఇంట్లో పెద్దల కోసం" అని ఒకటి, 60 దాటినవారికి నేరుగా ఒకటి తయారుచేయండి.

ఓసారి పటమట నుంచి ఒకాయన ఫోన్‌లో అన్నీ విని ఒప్పుకున్నారు. రెండో రోజు డల్లాస్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్. అడిగింది ఒక్కటే: "మీ సిటిఆర్ఐ నంబర్ ఏది?" సిటిఆర్ఐ అంటే దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ. నంబర్ ఉంది, ప్రకటనలో వేయడం మర్చిపోయాం. అప్పటికప్పుడు చెప్పినా ఆయనకి నమ్మకం కలగలేదు, పెద్దాయన రాలేదు. అప్పటినుంచి ఆ నంబర్ వేయకుండా మా దగ్గర ప్రకటన బొమ్మ బయటికి పోదు.

అందరినీ ఆన్‌లైన్‌లోనే తెచ్చుకుంటే ఫలితాలు ఒకవైపుకి ఒరిగిపోవా?

ఒరిగిపోతాయి. స్మార్ట్‌ఫోన్ వాడేవారు, అంతో ఇంతో చదువుకున్నవారు, ఆటో ఎక్కి సొంతంగా రాగలిగినవారే ముందు వస్తారు. 62 నుంచి 70 వరకు గబగబా నిండుతుంది, 80 దాటినవాళ్ల గడి ఖాళీగా మిగులుతుంది. మందు రేపు ఎక్కువగా మింగేది ఆ 80 దాటినవాళ్లే అయితే ఆ స్టడీ ఎవరికి ఉపయోగం? ఈ బెంగ కొత్తదేమీ కాదు. 1993లో వచ్చిన ఐసిహెచ్ (మందుల పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే సంస్థ) ఈ7 మార్గదర్శకం, పెద్ద వయసువారికీ వచ్చే జబ్బుల మందుల్లో 65 దాటినవారిని తగినంతమందిని, మామూలుగా కనీసం 100 మందిని, చూడాలని అప్పుడే చెప్పింది.

చేయగలిగింది ఏమిటంటే, వయసు గ్రూపులవారీగా ఎంతమంది కావాలో ప్రొటోకాల్‌లోనే, అంటే స్టడీ ప్రణాళిక పత్రంలోనే, రాసుకోండి. 75 పైవారిని ఓపీ నుంచి, వార్డుల నుంచి, ఆశా కార్యకర్తల ద్వారా వెతకండి. ప్రతి ఒక్కరి పేరు పక్కన "ఎలా తెలిసింది" అనే గడి పెట్టండి. వ్యాసం రాసే రోజున అది లేకపోతే తల పట్టుకుంటారు.

బడ్జెట్ ఎంత పెట్టాలి? క్లిక్‌కి ఇంత అని ఏజెన్సీ చెబుతోంది.

క్లిక్ రేటు ఏజెన్సీవాళ్ల లెక్క. మన లెక్క స్టడీలో చేరిన మనిషికి ఎంతైంది అని. ఉదాహరణకి రూ.20,000 పెట్టారనుకుందాం. 160 ఫారాలు వచ్చాయి, అంటే ఒక్కోటి రూ.125. ఏజెన్సీ అక్కడ చప్పట్లు కొడుతుంది. వాళ్లలో 70 మంది ఫోన్ ఎత్తారు, 28 మంది పైపై అర్హతలకి సరిపోయారు, 14 మంది ఆస్పత్రికి వచ్చారు, 8 మంది సంతకం పెట్టారు, స్క్రీనింగ్ పరీక్షలు దాటింది 5గురు. మనిషికి రూ.4,000. మొదటి వారం చిన్న మొత్తం పెట్టి, మీ సొంత అంకెలతో ఈ లెక్క వేసుకున్నాకే మిగతాది పెట్టండి. ఇందులో ఫోన్లు చేసే మనిషి జీతం కూడా కలపాలి. దాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

## అనుమతులు

ప్రకటనకి కూడా ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలా? ఫేస్‌బుక్ పోస్టే కదా!

కావాలి. ఎథిక్స్ కమిటీ అంటే పాల్గొనేవారి భద్రత, హక్కులు చూసి స్టడీకి అనుమతిచ్చే బృందం. ఆ కమిటీకి ఇవ్వాల్సిన కాగితాల్లో పాల్గొనేవారిని ఎలా చేర్చుకుంటారన్నది, అందుకు వాడే ప్రకటనలు కూడా భాగమే. ఐసిఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారమైనా, మందుల ట్రయల్స్‌కి వర్తించే 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారమైనా అంతే. సమ్మతి అనేది ప్రకటన చదివిన క్షణం నుంచే మొదలవుతుందన్నది ఇందులోని ఆలోచన. అందుకే బొమ్మ, కింద రాసే రెండు వాక్యాలు, వీడియో స్క్రిప్టు, ఫారంలో ప్రశ్నలు, ఫోన్‌లో మాట్లాడే స్క్రిప్టు అన్నీ ఒకే కట్టగా ఇవ్వండి. అనుమతి వచ్చాక "ఇక్కడ ఒక్క పదం మారిస్తే ఇంకా బాగుంటుంది" అని ఏజెన్సీ కుర్రాడు అంటాడు. ఆ ఒక్క పదానికీ మళ్లీ కమిటీకి వెళ్లాల్సిందే. అందుకని నాలుగైదు రకాల వాక్యాలు ముందే రాసి ఒకేసారి అనుమతి తెచ్చుకోవడం తెలివైన పని.

అనుమతి, సిటిఆర్ఐ నంబర్ వచ్చేలోపు "త్వరలో" అని ఓ పోస్టు పెట్టి పేర్లు రాసుకోవచ్చా?

వద్దు. కమిటీ చూడని ప్రకటనతో పేర్లు పోగేస్తే అది అనుమతి లేకుండా మొదలుపెట్టినట్టే. సిటిఆర్ఐ కూడా 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందు చేసే నమోదునే తీసుకుంటోంది.

తెలుగు అనువాదం మేమే చేసేసుకోవచ్చా?

చేసుకోండి, కానీ వేరే మనిషితో దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, సర్టిఫికెట్లు జతచేయండి. ఆ సర్టిఫికెట్లు ఉన్నంత మాత్రాన తెలుగు బాగుంటుందని కాదు. "అధ్యయన ఔషధ నిర్వహణానంతరం" అనే వాక్యానికి కూడా సర్టిఫికెట్ వస్తుంది. కమిటీలో డాక్టరు కాని సభ్యులు ఉంటారు కదా, వాళ్లని గట్టిగా చదివి వినిపించమనండి. ఎక్కడ తడబడితే అక్కడ మార్చండి.

## రాయడం, తయారుచేయడం

"మీకు షుగర్ ఉందా? వయసు 60 దాటిందా?" అని పెడితే ప్రకటన రిజెక్ట్ అయింది. ఎందుకు?

చూసేవారి జబ్బునో వయసునో మీకు ముందే తెలిసినట్టు మాట్లాడే ప్రకటనల్ని ఫేస్‌బుక్ ఒప్పుకోదు. "60 దాటిన, షుగర్ ఉన్న పెద్దల కోసం పరిశోధన జరుగుతోంది" అని మూడో మనిషి గురించి చెప్పినట్టు రాయండి. 2022 జనవరి నుంచి ఆరోగ్య సంబంధ ఆసక్తులను బట్టి టార్గెట్ చేసే సదుపాయాన్ని కూడా వాళ్లు తీసేశారు. అంటే షుగర్ గురించి చదివేవారికి మాత్రమే చూపించు అనడం కుదరదు. ప్రధానంగా ఊరు, వయసే మీ చేతిలో ఉన్నవి. వడపోత పని ప్రకటనలోని మాటలే చేయాలి. గూగుల్‌లో ట్రయల్స్ ప్రకటనలకు దేశాలవారీగా వేరే నియమం ఉంది. డబ్బు కట్టకముందే వాళ్ల ఆరోగ్య విధానం పేజీ తెరిచి చూసుకోండి.

"ప్రయోగం" అనాలా, "పరిశోధన" అనాలా, "ట్రయల్" అనాలా?

ప్రయోగం అంటే మనవాళ్ల చెవికి ఎలకలే వినిపిస్తాయి. "మా మీద ప్రయోగాలా?" అన్న మాట ఫోన్‌లో వారానికి ఒకసారైనా వింటాను. గుంటూరు వైపు దానికి కారణం కూడా ఉంది. 2011లో పిడుగురాళ్ల మహిళలను ఏజెంట్లు డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షల్లో పెట్టారన్న వార్తలు రోజుల తరబడి వచ్చాయి. దానికి ముందు ఏడాది ఖమ్మం జిల్లాలో ఆడపిల్లల మీద క్యాన్సర్ టీకా పరిశోధన గొడవ. ఇవి చదివినవాళ్లే ఇప్పుడు మన ప్రకటన చూస్తున్న పెద్దలు.

నేను "వైద్య పరిశోధన" అని శీర్షికలో పెట్టి, రెండో వాక్యంలోనే "ఈ మందు ఇంకా పరీక్ష దశలో ఉంది" అని రాస్తాను. ప్రయోగం అనే పదం వాడకపోవడం నా ఇష్టం. పరీక్ష దశలో ఉందన్న సంగతి దాచడం మాత్రం తప్పు. "కొత్త చికిత్స" అని వేసి ఊరుకుంటే అది దాచడమే.

"ఉచితం" అని పెద్ద అక్షరాల్లో వేయొచ్చా? ఆటో ఖర్చు ఇస్తామని చెప్పొచ్చా?

స్టడీకి సంబంధించిన పరీక్షలకు డబ్బు తీసుకోరు అని మామూలు అక్షరాల్లో ఒక వాక్యం చాలు. ఎర్రరంగులో ఉచితం అని కొడితే అది మెగా హెల్త్ క్యాంపు అనుకుని వస్తారు, వచ్చాక కోప్పడతారు. ప్రయాణ ఖర్చు ఇస్తామని చెప్పొచ్చు, కమిటీ ఒప్పుకున్న మాటల్లో. మొత్తాన్ని శీర్షికలో పెట్టకండి. డబ్బు కోసం ఒళ్లు తాకట్టు పెట్టమన్నట్టు ఉంటుంది. నయమవుతుంది, సురక్షితం, గ్యారంటీ అనే మాటలు అసలు రాకూడదు.

డిజైనర్ పంపిన బొమ్మలో వత్తులన్నీ విడిపోయాయి. ఏం చేయాలి?

పాత ఫోటోషాప్‌లో భారతీయ భాషలకు సంబంధించిన టెక్స్ట్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే యూనికోడ్ తెలుగు ఇలాగే చెదురుతుంది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టే డీటీపీ షాపులో చేయిస్తే బొమ్మ బాగుంటుంది గానీ ఆ మేటర్ పోస్టు కింద అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మా దగ్గర ఓసారి "ఆస్పత్రి"లో ప వత్తు, ర వత్తు రెండూ ఊడి పక్కన నిలబడ్డాయి. కమిటీకి పంపిన పీడీఎఫ్ సరిగ్గానే ఉంది, ఫేస్‌బుక్‌లోకి వెళ్లిన బొమ్మే చెడింది. రెండు రోజులు ఎవరూ చూడలేదు. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేసి, "స్పెల్లింగ్ రానివాళ్లు మందేం ఇస్తారు?" అని అడిగారు. ఆయన చివరికి స్టడీలో చేరారు, అది వేరే సంగతి. ఇప్పుడు బొమ్మని నా ఫోన్‌లోకి తెప్పించుకుని, చేయి చాపి దూరంగా పట్టుకుని కళ్లద్దాలు తీసి చదువుతాను. చదవగలిగితేనే పైకి పంపుతాను.

వీడియో పెడితే బాగుంటుందా?

బాగుంటుంది, డాక్టరే మాట్లాడితే. నిమిషం లోపు, కింద పెద్ద అక్షరాల్లో మాటలు. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు. నెట్‌లో దొరికే తెల్లజుట్టు విదేశీ దంపతుల బొమ్మలు వద్దు.

## ప్రకటన వదిలాక

ఎన్ని కిలోమీటర్ల చుట్టూ పెట్టాలి?

పొద్దున ఆస్పత్రికి వచ్చి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి చేరగలిగినంత దూరం అని నా లెక్క. గవర్నర్‌పేటలో పిన్ పెట్టి 25 కిలోమీటర్లు అంటే తాడేపల్లి, మంగళగిరి, కంకిపాడు, ఇబ్రహీంపట్నం వస్తాయి, గుంటూరు రాదు. నెలకోసారి ఫాలోఅప్ ఉంటే అది చాలు. ఏడాదికి రెండుసార్లే అయితే గుంటూరు, తెనాలి కలుపుకోవచ్చు. ఒక తిరకాసు ఉంది: ఫేస్‌బుక్ ఆ ప్రాంతంలో ఉండేవారినే కాదు, ఈమధ్య అక్కడికి వచ్చిపోయినవారినీ కలుపుతుంది. మనది జంక్షన్, పైగా అమ్మవారి గుడి. శ్రీకాకుళం నుంచి దర్శనానికి వచ్చి వెళ్లినవాళ్లు కూడా ఫారం నింపుతారు. ఫారంలో మొదటి ప్రశ్న "ఏ ఊరు?" అని పెట్టండి.

ఫారంలో ఏం అడగొచ్చు? జబ్బుల లిస్టు అక్కడే తీసుకుంటే పని తేలిక కదా.

ఊరు, పేరు, ఫోన్ నంబర్, ఎప్పుడు ఫోన్ చేయాలి. ఇంతే. ఫేస్‌బుక్ సొంత ఫారంలో ఆరోగ్య వివరాలు అడగడానికి వాళ్ల ముందస్తు అనుమతి కావాలి. సొంత పేజీ పెట్టుకుంటే జబ్బుల ప్రశ్నలు ఉన్న చోట పిక్సెల్ (చూసేవారి కదలికలను ఫేస్‌బుక్‌కి చెప్పే కోడ్) పెట్టకండి, పెడితే పెద్దాయన ఏ పేజీలో ఏం నొక్కారో ప్రకటన కంపెనీకి చేరిపోతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం 8వ షెడ్యూల్ భాషల్లోగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. మనకి తెలుగు ఎలాగూ ఉండాల్సిందే. ఫారం కంటే "మిస్డ్ కాల్ ఇవ్వండి" అన్నదే పెద్దవాళ్లకి సులువు.

కామెంట్లలో జబ్బుల వివరాలన్నీ రాసేస్తున్నారు. ఏం చేయాలి?

వెంటనే దాచేసి, వాళ్లకి విడిగా మెసేజ్ పెట్టండి. "మా నాన్నగారికి ప్రోస్టేట్, నంబర్ ఇది" అని పదిమందిలో రాసేవారు ఉంటారు. వాళ్ల కిందే "మా పొడి వాడండి, 21 రోజుల్లో మాయం" అనేవాళ్లు తయారవుతారు. రోజుకి రెండుసార్లు చూసే మనిషి లేకపోతే కామెంట్లు మూసేయండి. ఇప్పటికే స్టడీలో ఉన్న మనిషి "ఆ మాత్ర వేసుకున్నాక కళ్లు తిరుగుతున్నాయి" అని అక్కడ రాస్తే అది కామెంట్ కాదు. అప్పుడే డాక్టరుకి చెప్పి, ఫోన్ చేసి, రికార్డులో రాయాలి.

## ఫోన్లు మొదలయ్యాక

ఫారం నింపినవాళ్లే ఫోన్ ఎత్తట్లేదు. ఎందుకు?

భయం. డిజిటల్ అరెస్ట్ కథలు విన్న తర్వాత కొత్త నంబర్ ఎత్తవద్దని పిల్లలే చెప్పి ఉంటారు. మంచి సలహానే. ముందు తెలుగులో మెసేజ్ పెట్టండి: ఎవరు, ఏ ఆస్పత్రి, రేపు 11 గంటలకి ఈ నంబర్ నుంచి చేస్తాం. ఎత్తాక మొదటి అరనిమిషంలోనే "మేం డబ్బు అడగం, ఓటీపీ అడగం, ఆధార్ ఫోటో అడగం. అనుమానం ఉంటే ఆస్పత్రి ల్యాండ్‌లైన్‌కి చేసి మా విభాగం అడగండి" అని చెప్పండి. మీ పేరుతో ఎవరైనా మోసం చేశారని తెలిస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి చెప్పమనండి. రాత్రి ఏడు దాటాక చేయకండి, సీరియల్ మధ్యలో ఎవరూ వినరు.

పెద్దవాళ్లని ఏమని పిలవాలి? అంకుల్ అంటే ఒకాయన కోప్పడ్డారు.

పేరు పక్కన గారు. అంతకు మించి భద్రమైనది లేదు. టీచరుగా చేశానని చెబితే మాస్టారూ అనండి, ఆ తర్వాత గొంతే మారిపోతుంది. ఆడవాళ్లకి అమ్మగారూ, లేదా అమ్మా. వృద్ధులు, ముసలివారు అనే మాటలు మీ షీట్‌లో కూడా వద్దు, షీట్‌లో ఉన్నదే నోట్లోంచి వస్తుంది. వాళ్లు మిమ్మల్ని నువ్వు అంటారు, మీరు అండీ అనే కొనసాగించండి.

"నాకేమైనా అయితే?" అని అడిగితే ఫోన్‌లో ఏం చెప్పాలి?

తప్పించుకోకండి. మందుల ట్రయల్ అయితే 2019 నిబంధనల ప్రకారం, స్టడీలో హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. అది స్టడీ వల్లే జరిగిందని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. అది చెప్పి, మిగతాది డాక్టరు కూర్చోబెట్టి వివరిస్తారు అనండి. చదువుకున్న పిల్లలు ఫార్ములా కూడా అడుగుతారు, కనుక మీకు తెలిసి ఉండాలి. మరణానికి పరిహారం: 8 లక్షలను వయసు సంఖ్యతో, జబ్బు తీవ్రతను బట్టి ఇచ్చే రిస్క్ సంఖ్యతో గుణించి 99.37తో భాగించాలి. 65 దాటినవారికి వయసు సంఖ్య సరిగ్గా 99.37, పట్టికలో అన్నిటికంటే తక్కువది. రెండూ కొట్టేసుకుపోయి 8 లక్షలు ఇంటూ రిస్క్ మిగులుతుంది, ఆ రిస్క్ 0.5 నుంచి 4 వరకు. అంటే అదే జబ్బున్న యువకుడికి వచ్చేదానికంటే తక్కువ. ఇది న్యాయమా అని ఒకావిడ నన్ను అడిగారు. లెక్క ఇదండీ అన్నాను, న్యాయమని మాత్రం అనలేకపోయాను.

## ఆస్పత్రికి వచ్చాక

సమ్మతి పత్రం మీద కూతురు సంతకం పెడితే సరిపోతుందా?

సరిపోదు. అర్థం చేసుకుని నిర్ణయించుకోగల మనిషి తన సంతకం తనే పెట్టాలి. చదవడం రానివారైతే స్టడీతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి అంతా వినాలి, ఆ తర్వాత వేలిముద్ర. మతిమరుపు జబ్బు ముదిరినవారి విషయంలోనే చట్టబద్ధ ప్రతినిధి సంతకం, అదీ కమిటీ ఒప్పుకుంటే. కూతురు గడగడా జవాబులు చెబుతుంటే ఆమెని కాఫీకి పంపి, పెద్దావిడని "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగండి. "అమ్మాయి రమ్మంది, వచ్చాను" అంటే ఆ రోజు కాగితం తీయకండి. ఇంటికి పంపి, ఇంకో రోజు పిలవండి.

మొదటిసారి వచ్చినవాళ్లు రెండో విజిట్‌కి రావట్లేదు.

ఏ నెలలో పిలుస్తున్నారో చూసుకోండి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఎవరొస్తారు? దసరాల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, వన్‌టౌన్ వైపు నుంచి రావడం కుర్రాళ్లకే కష్టం. పరగడుపు రక్తం అయితే ఏడున్నరకే పని మొదలుపెట్టండి. షుగర్ ఉన్న 72 ఏళ్లావిడని తొమ్మిదిన్నర దాకా ఆకలితో బెంచీ మీద కూర్చోబెడితే కళ్లు తిరిగి పడిపోతుంది. మా దగ్గర ఒకావిడ స్టీలు డబ్బాలో రెండు ఇడ్లీ తెచ్చుకుని, రక్తం తీసే అబ్బాయిని చూస్తూ మూత తీసి, మూసి, తీసి, మూసి చేస్తుంటే చూడలేక వరసలో ముందుకి పంపాను. ఆ తర్వాత పెద్దవాళ్లకి వేరే టోకెన్లు పెట్టించాం.

స్టడీ నిండిపోయింది, ప్రకటన ఆపేశాను. ఫోన్లు మాత్రం ఆగట్లేదు.

ఆగవు. మీరు ఆపింది ఫేస్‌బుక్‌లో, బొమ్మ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. అందుకే చివరి తేదీని పోస్టులో కాకుండా బొమ్మ మీదే వేయండి. ఆ నంబర్‌ని ఇంకో ఆరు నెలలు ఉంచి, "స్టడీ నిండిందండీ, మీ వివరాలు మేం దాచుకోలేదు" అని చెప్పే మనిషిని పెట్టండి. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన, స్టడీ ముగిసిన ఏడాదికి ఫోన్ చేసి, తేదీ అయిపోయిందని తెలుసు గానీ ఇంకేదైనా ఉందేమోనని అడిగారు. లేదని చెప్పాను. పావుగంట మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడి పెట్టేశారు.